ఎద్దుకూ సెలవిచ్చిన ఆజ్ఞ

అందరికీ నమస్కారం.

మన తిరుపతి నిద్రపోని ఊరు. అర్ధరాత్రి దాటాక బస్టాండులో దిగినా వేడి ఇడ్లీ దొరుకుతుంది, లాడ్జిలో ఉతికిన దుప్పటి దొరుకుతుంది. ఆ పిండి రుబ్బినవాళ్లు, ఆ దుప్పటి ఉతికినవాళ్లు ఎప్పుడు నడుం వాలుస్తారు? విశ్రాంతి దినం గురించి మాట్లాడాలంటే నాకు ముందు ఇదే అడగాలనిపిస్తుంది.

దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన పది ఆజ్ఞల్లో ఒకటి, వారానికి ఒక రోజు పని మాని విశ్రాంతి దినం పాటించమంటుంది. ఆ పది ఆజ్ఞలూ బైబిలులో రెండు చోట్ల ఉన్నాయి. విశ్రాంతి దినానికి ఆ రెండు చోట్లా చెప్పిన కారణం ఒకటి కాదు. నిర్గమకాండం 20వ అధ్యాయం, దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి అంటుంది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం, మీరు ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, దాసులుగా ఉన్నారు, అది మరవకండి అంటుంది. మొదటి కారణం మనకు కంఠస్థం. రెండోది ఎందుకో అంతగా వినిపించదు. సెలవన్నది ఎరగని బతుకు బతికినవాళ్లకు దేవుడు ఇచ్చిన ఆజ్ఞ ఇది. అందుకే నువ్వు ఒక్కడివే విశ్రమిస్తే చాలదంటుంది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, నీ ఊళ్లో ఉన్న పరదేశి, అందరూ పని మానాలి.

ఆ జాబితాలో భార్య పేరు విడిగా లేదు. ‘నీవు’ అన్న మాటలోనే ఆమె కూడా ఉందని వ్యాఖ్యాతలు కొందరు చెబుతారు. మన ఇళ్లలో చూడండి. ఆరాధన ముగించుకుని వచ్చి అందరూ ఫ్యాను కింద కూర్చుంటారు, ఆమె మాత్రం చీర కొంగు దోపుకుని బిర్యానీకి ఉల్లిపాయలు తరుగుతుంది. ఇంట్లో ఒకరికి దక్కని విశ్రాంతిని విశ్రాంతి దినం అనడానికి నాకు నోరు రాదు.

యూదుల విశ్రాంతి దినం శనివారం. ఈ చిక్కును వాళ్లు ముందురోజే తీర్చుకుంటారు. శుక్రవారం పొద్దు గుంకేలోపు వంట ముగించి దీపాలు వెలిగిస్తారు. మర్నాటి భోజనం సన్నని సెగ మీద రాత్రంతా ఉంటుంది. ఆ రోజు మానవలసిన పనులను వాళ్ల పెద్దలు 39 రకాలుగా లెక్కగట్టారు, నిప్పు రాజేయడం అందులో ఒకటి. అరణ్యంలో దేవుడిచ్చిన మన్నా అనే ఆహారాన్ని, ఏడో రోజుకూ సరిపడేలా ఆరో రోజునే రెండింతలు ఏరుకున్న జనం కదా! క్రైస్తవుల్లో ఎక్కువమంది ఆదివారం పాటిస్తారు, అడ్వెంటిస్టులనే శాఖవారు శనివారం. ఆ వాదన ఈ పూట వద్దు.

ఎద్దుకు సెలవంటే చిత్తూరు పల్లెల్లో ఎవరికీ వింత కాదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. కాడి దించి, కడిగి, కొమ్ములకు రంగు పూసి పశువులను పూజించే రోజు అది. ఏడాదికి ఒకసారి మనం చూపే ఆ దయను వారం వారం చూపమంటోంది ఈ ఆజ్ఞ. అలాగని ఆవు పొదుగుకు ఆదివారం తెలియదు, పాలు పితకాల్సిందే. విశ్రాంతి దినాన ఎద్దు బావిలో పడితే పైకి తీయరా అని యేసు అడిగింది ఇలాంటి అవసరం గురించే.

మన దేశంలోనూ ఈ సెలవు ఊరికే రాలేదు. జోతిరావు ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికుల కోసం ఏళ్ల తరబడి పోరాడితే, 1890 జూన్ 10న యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా వారానికి ఒక సెలవు ఉండాలంది.

మీలో హోటలు, లాడ్జి, దుకాణం నడిపేవారు ఉన్నారు. శని, ఆదివారాల్లో యాత్రికులు పోటెత్తే ఊళ్లో అందరికీ ఒకే రోజు సెలవు కుదరదని నాకూ తెలుసు. వంతులు వేయండి. ఎవరికి ఏ రోజో ముందే రాసి గోడకు అంటించండి, ఆ రోజు ఫోను చేసి పిలవకండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికీ జీతం కోయకుండా వారానికి ఒక రోజు ఇవ్వండి. ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ ఇబ్బందో ఇప్పుడు మీరు చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం.