కడుపు ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక, వంట చేసే మనిషికి ఎవరు చెప్తారు?

అందరికీ నమస్కారం. ఆశా అప్పలు చాలామంది టెక్కలి, మెళియాపుట్టి వైపు నుంచి బస్సెక్కి వచ్చారు, తిరిగెళ్లాలి కదా, అందుకే నేరుగా విషయానికొచ్చేస్తాను.

కాన్సర్ అని జీర్ణాశయం కొంతో మొత్తమో తీసేసిన మనిషి విశాఖలో డిశ్చార్జ్ అయి మన ఊరొస్తాడు, సంచి నిండా మందులు, చేతిలో ఫైలు, అందులో అంతా ఇంగ్లీషే. సిస్టరు జాగ్రత్తలు చెప్పదని కాదు, చెప్తుంది, కానీ ఆ టైములో పక్కనుండేది ఆరోగ్యశ్రీ కాగితాల కోసం తిరిగే కొడుకు, ఇంటి దగ్గర వంట చేసే మనిషి అక్కడుండదు. నా గొడవంతా ఇదే.

ఇంటికొచ్చాక జరిగేదేటంటే, నీరసంగా ఉన్నాడని గ్లూకోజు నీళ్లు, పళ్ల రసం, చూడ్డానికొచ్చిన చుట్టాల స్వీటు, పైగా ఇంకో ముద్ద తిను నాన్నా అని కంచం నిండా అన్నం. తిన్న పది నిమిషాల నుంచి అరగంట లోపు గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. దీన్ని డంపింగ్ అంటారు, తిన్నది ఆగే చోటు లేక తీపంతా ఒక్కసారి చిన్నపేగులోకి దిగిపోయి ఒంట్లో నీటిని అటు లాగేస్తుంది. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది, అది వేరే, ఇన్సులిన్ ఎక్కువ ఊరి షుగర్ పడిపోయి వణుకు, కళ్లు తిరగడం. ఇంట్లోవాళ్లేమో జబ్బు తిరగబెట్టిందని హడలిపోయి తిండే తగ్గించేస్తారు, అసలే పోయిన బరువు ఇంకా పోతుంది.

కాబట్టి వంట చేసే ఆవిడ పక్కన కూర్చోండి. మూడు పూటల భోజనం కాదు, రోజుకి ఆరుసార్లు, చిన్న గిన్నెడు, బాగా నమిలి. ముందు గుడ్డు, చేప, మెత్తటి పప్పు, తర్వాతే అన్నం. తినేటప్పుడు నీళ్లు వద్దు, అరగంట ముందో తర్వాతో కొద్దికొద్దిగా. చోడంబలి, అదే రాగంబలి, గురించి అందరూ అడుగుతారు, ఇవ్వొచ్చు, బెల్లం వెయ్యకుండా, చెంబెత్తి గటగటా తాగకుండా. పైత్యం గొంతులోకి ఎగదన్నే వాళ్లు తల వైపు ఎత్తు పెట్టుకునే పడుకోవాలి.

జీర్ణాశయం మొత్తం తీసేసిన వాళ్లకి తిండిలోంచి బీ12 విటమిన్ ఒంటికి పట్టదు, డాక్టర్ రాసినట్టు జీవితాంతం వేయించుకోవాల్సిందే, ఎక్కువగా ఇంజెక్షనే. చిక్కేటంటే లివర్లో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు ఏళ్లు గడిచాక గానీ బయటపడదు, బాగానే ఉన్నాను కదా అని మానేస్తారు, చివరికి కాళ్లు తిమ్మిర్లంటే మనమే నరాల బలహీనత అనేసి ఊరుకుంటాం! మీ రిజిస్టర్లో బీపీ, షుగర్ పక్కనే ఈ బీ12 వేయించుకోవాల్సిన తేదీ కూడా రాసుకోండి, పైనుంచి ఎవరూ అడగకపోయినా సరే.

జ్వరం, కుట్ల దగ్గర చీము, ఆగని వాంతులు, నల్లటి విరేచనం, ఒక కాలు వాపు, ఇవొస్తే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి కాదు, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయించండి. ఊపిరి అందకపోతే 108.

ఇంక ఫీడింగ్ ట్యూబు. కొందరు పేగులోకి వేసిన ట్యూబుతోనే ఇంటికొస్తారు, ఆహారం పట్టే ముందు, పట్టాక నీళ్లతో ఫ్లష్ చెయ్యకపోతే అది పూడుకుపోతుంది, మళ్లీ విశాఖ ప్రయాణం. ఇది వింటే వచ్చేది కాదు. బల్ల మీద ట్యూబు, సిరంజి పెట్టాను, ముందు వరసోళ్లు రండి, ఒకసారి నేను చేస్తాను, తర్వాత మీరు చెయ్యాలి.