రికార్డో మాట మార్చుకున్న అధ్యాయం

నమస్తే అండి. ఏఐ వస్తే మన ఉద్యోగాలు ఉంటాయా పోతాయా అని ఎవరైనా టెన్షన్ పడితే, పక్కవాళ్లు వెంటనే చెప్పే మాట ఒకటుంది: "యంత్రం ఒకచోట పని తీసేస్తే ఇంకోచోట పుట్టిస్తుందిలే." ఈ మాట పాతదే. రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో డేవిడ్ రికార్డో అనే ఆర్థికవేత్త కూడా దాదాపు ఇదే నమ్మాడు. తర్వాత, కాదు, నేను పొరబడ్డాను అని తన పుస్తకంలోనే అచ్చేయించాడు.

ఈయన కూలీల తరఫున జెండా పట్టిన మనిషేమీ కాదు. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో బాగా గడించి, పార్లమెంటు సభ్యుడైనవాడు. ఆయన అర్థశాస్త్ర గ్రంథం మొదట 1817లో వచ్చింది. 1821లో మూడో ముద్రణకు 31వ అధ్యాయం కొత్తగా చేర్చాడు. పేరు 'యంత్రాల గురించి'. మొదట్లోనే ఒప్పేసుకుంటాడు, ఈ విషయంలో నా అభిప్రాయం చాలా మారిందని.

అప్పటి పరిస్థితి చూడండి. 1811లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వైపు మేజోళ్లు అల్లే కార్మికులు ఆ అల్లిక యంత్రాలనే పగలగొట్టారు. 1812లో అలా పగలగొడితే ఉరిశిక్ష అని చట్టం చేశారు. 1813 జనవరిలో యార్క్‌లో 17 మందిని ఉరి తీశారు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు ఇంత పెద్ద ఆర్థికవేత్త, యంత్రాలు మాకు చెరుపు చేస్తాయని కూలీలు అనుకోవడం అజ్ఞానం కాదు, అర్థశాస్త్ర సూత్రాలకు సరిపోయేదే అని రాశాడు. ఆయన్ని గురువుగా భావించే మెక్‌కలక్ అనే ఆర్థికవేత్తకు కోపం వచ్చి, ఉత్తరం రాసి మరీ అభ్యంతరం చెప్పాడు.

సరే, లెక్కలోకి వద్దాం. నేను మొదటిసారి ఈ అధ్యాయాన్ని పడుకుని చదివాను, ఒక్క ముక్క ఎక్కలేదు. కాగితం, పెన్సిల్ తీసుకుని కూర్చుంటేనే దారికొచ్చింది. మీరూ తీసుకోండి.

ఒక యజమాని. వ్యవసాయం చేయిస్తాడు, నిత్యావసర వస్తువులూ తయారు చేయిస్తాడు. పెట్టుబడి 20,000 పౌండ్లు. అందులో 7,000 భవనాలు, పనిముట్లు. మిగతా 13,000 కూలీలను పోషించడానికి. ఏడాదికి 15,000 పౌండ్ల సరుకు తయారవుతుంది. లాభం 2,000 తను వాడుకుంటాడు, 13,000 మళ్లీ కూలీలకు. ఏటా ఇదే చక్రం.

ఒక ఏడాది సగం మందిని యంత్రం తయారీకి పెట్టాడు. మిగతా సగం మామూలు పని. ఏడాది చివర ఏముంది? 7,500 పౌండ్ల యంత్రం, 7,500 పౌండ్ల తిండీ సరుకులూ. మొత్తం మళ్లీ 15,000. యజమానికి పైసా నష్టం లేదు. కానీ యంత్రాన్ని తినలేం కదా! సరుకులోంచి తన 2,000 తీసుకున్నాక కూలీలకు మిగిలింది 5,500. నిరుడు 13,000.

నన్ను ఆపేసింది ఇక్కడే. యంత్రం తయారైన ఆ ఏడాది అందరికీ కూలీ అందింది. ఎవరి పనీ పోలేదు. తమ పని పోగొట్టే దాన్ని తమ చేతులతోనే, జీతం తీసుకుంటూ తయారు చేశారు. దెబ్బ తగిలింది మరుసటి ఏడాదే.

ఇక్కడితో ఆపితే రికార్డోకు అన్యాయం చేసినట్టే. విషయం తేటగా కనపడాలని యంత్రం ఒక్కసారిగా వచ్చిపడినట్టు లెక్క కట్టానని ఆయనే చెప్తాడు. నిజానికి యంత్రాలు మెల్లగా వస్తాయి, ఉన్న పెట్టుబడిని లాక్కోవడం కన్నా కొత్తగా పోగైన పొదుపులోంచే ఎక్కువగా వస్తాయి అంటాడు. యంత్రాలను అడ్డుకోమనీ అనడు. అడ్డుకుంటే పెట్టుబడి విదేశాలకు పోతుంది, అప్పుడు కూలీలకు ఇంకా నష్టం అంటాడు. ఈ భాగం ఆయన కాస్త తొందరగా ముగించేశాడని నాకనిపిస్తుంది. పని పోయినవాడు ఈలోగా ఏం తినాలన్నది అలాగే ఉండిపోయింది. 1867లో మార్క్స్, ఎన్నో విషయాల్లో ఆయనతో విభేదించినా, తన మాట తనే కాదనుకున్న ఈ నిజాయితీని మాత్రం మెచ్చుకున్నాడు.

పెన్సిల్ చేతిలోనే ఉందిగా? సగం మంది బదులు నాలుగో వంతు మందినే యంత్రం పనిలో పెట్టి లెక్క మళ్లీ కట్టండి. 13,000 ఎంతకు దిగిందో కింద రాయండి. నాకైతే 9,250 వచ్చింది.