కడుపుతో ఉన్నప్పుడు ఏడిస్తే బిడ్డకు తగులుతుందా?

[తెర మీద: వంటగది. పొయ్యి మీద పాలు. గట్టుకు ఆనుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న ఏడో నెల గర్భిణి.]

"ఊరుకో అమ్మా, కడుపుతో ఉన్నదానివి ఏడవకూడదు. బిడ్డకు మంచిది కాదు."

ఈ మాట పడని గర్భిణి మన ఇళ్లలో ఉండదేమో. చెప్పేది ప్రేమతోనే. కానీ అప్పటిదాకా ఆమెకు ఒకటే దిగులు. ఇప్పుడు, దిగులు పడుతున్నానే అన్న దిగులు రెండోది.

ఇంతకీ బిడ్డకు నిజంగా తగులుతుందా? తగిలితే ఏ దారిన?

తల్లికీ బిడ్డకూ మధ్య నరాల లంకె లేదు. బొడ్డుతాడులో సాగేది రక్తం. ఇద్దరి రక్తమూ నేరుగా కలవదు, మధ్యలో మాయ (ప్లాసెంటా) ఉంటుంది. తల్లి మనసులోని మాట బిడ్డకు చేరదు. చేరితే గీరితే ఆమె రక్తంలోని రసాయనాలు చేరాలి.

[బొమ్మ: మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథులు.]

భయం వేసినా, బెంగ పట్టినా ఈ అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను వదులుతాయి. దాన్ని విషంలా చూడకండి. ఏ బెంగా లేని గర్భిణిలో కూడా నెలలు నిండేసరికి అది రెండు మూడు రెట్లవుతుంది. బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధం కావాలంటే అది ఉండాల్సిందే. కాన్పు ముందే వచ్చేలా ఉంటే డాక్టర్లు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు చూడండి, అదీ ఈ కోవకు చెందిన మందే. న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హోవీ 1972లో దాని మేలును చూపించారు.

మోతాదు మించకుండా మాయలో ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది. పేరు నోరు తిరగనిది: 11-బీటా-హెచ్‌ఎస్‌డి-2. తల్లి వైపు నుంచి వచ్చే కార్టిసాల్‌లో చాలా భాగాన్ని అది పనిచేయని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. అందుకే ఒకరోజు ఆఫీసులో మాట పడ్డా, ఆటో దగ్గర గొడవైనా, సీరియల్ చూసి ఏడ్చినా బిడ్డకు ఏమీ కాదు. మళ్లీ చెబుతున్నాను, ఏమీ కాదు.

నెలల తరబడి వదలని ఒత్తిడి సంగతి వేరు. అప్పుడు ఈ కాపలా సడలవచ్చునని పరిశోధనలు చెబుతున్నాయి. నిద్ర చెడుతుంది, అన్నం సయించదు, చెకప్‌కు వెళ్లబుద్ధి కాదు. ఇవన్నీ కలిసి 37 వారాలకు ముందే కాన్పు కావడం, బిడ్డ రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టడం వంటి ముప్పును కొంత పెంచుతాయి.

అయితే బిడ్డలో కనిపించే తేడా ఒత్తిడి వల్లనేనని తేల్చడం ఎలా? కంగారు పడే స్వభావం తల్లి నుంచి బిడ్డకు జన్యువుల్లోనే వచ్చి ఉండవచ్చు కదా! పోనీ, చీటీలు తీసి సగం మంది గర్భిణులను కష్టపెడదామంటే, అంత పాపం ఎవరు చేస్తారు?

[తెర మీద: మంచు పేరుకుని వంగిన కొమ్మలు, కూలిన విద్యుత్ టవర్లు.]

1998 జనవరిలో కెనడాలోని క్వెబెక్‌లో ఆ చీటీలు ప్రకృతే తీసింది. పడ్డ వాన పడ్డట్టే గడ్డకట్టి తీగలను తెంపింది, టవర్లను కూల్చింది. దాదాపు 30 లక్షల మందికి కరెంటు పోయింది. ఒక వీధికి కొద్ది గంటలు, ఇంకో ఊరికి ఐదు వారాలకు పైగా. అదీ గడ్డకట్టే చలికాలంలో. ఎవరి స్వభావం ఎలాంటిదో చూసి కరెంటు పోలేదు కదా!

మాంట్రియల్ పరిశోధకురాలు సుజాన్ కింగ్ బృందం ఆ రోజుల్లో కడుపుతో ఉన్న స్త్రీలను వెతికి రెండు రకాల ప్రశ్నలు వేసింది. ఎన్ని రోజులు కరెంటు లేదు, ఇల్లు వదిలి వెళ్లారా, ఆదాయం పోయిందా అన్నవి ఒక రకం. మనసు ఎంత కలతపడింది అన్నది రెండో రకం. తర్వాత ఏళ్ల తరబడి ఆ పిల్లలను గమనించింది. ఎక్కువ కష్టం పడ్డ తల్లుల పిల్లలకు మాటలు, తెలివితేటల పరీక్షల్లో సగటున మార్కులు తగ్గాయి. పదమూడేళ్ల వయసులో వారి రక్తకణాల డీఎన్ఏ మీద ఉండే రసాయన గుర్తులను పరిశీలిస్తే, అవి తల్లి పడ్డ కష్టంతో సరిపోలాయి. ఆమె ఎంత కలతపడిందన్న దానితో కాదు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. మనం "ఏడవకు" అని కలతను ఆపబోతాం. కష్టాన్ని మాత్రం ఉన్నచోటే ఉంచేస్తాం.

కష్టం పంచుకుంటే ఏమవుతుందో 2011లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వరదల తర్వాత తెలిసింది. కొందరు గర్భిణులను మొదటి నుంచి కాన్పు అయ్యేదాకా తెలిసిన మిడ్‌వైఫే (కాన్పులు చూసే శిక్షణ పొందిన మనిషి) చూసుకుంది. వారిలో వరద దెబ్బ తల్లి మనసు మీదా, బిడ్డ ఎదుగుదల మీదా తక్కువగా కనిపించింది. మన తెలంగాణలోనూ 2017లో ప్రభుత్వం నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది.

[తెర మీద: 14416]

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, ఏ పని మీదా మనసు నిలవకపోయినా చెకప్‌లో ఆ సంగతి కూడా చెప్పండి. బీపీ, హిమోగ్లోబిన్ గురించి చెప్పినట్టే. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే చెప్పాలి, రెండు వారాలు ఆగకూడదు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ సహాయ కేంద్రం టెలీ మానస్, నంబరు 14416. డబ్బు కట్టనక్కర లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. గర్భిణి ఫోన్ చేయలేకపోతే ఇంట్లోవాళ్లు చేయవచ్చు.

[తెర మీద: మళ్లీ వంటగది. పాలు పొంగుతున్నాయి. ఆమె కదిలేలోపే ఇంకో చేయి వచ్చి పొయ్యి కట్టేస్తుంది.]