వయసు పైబడిన మెదడుకు పాత శబ్దం ఎందుకు పాతబడదు?

ముందుగా రెండు చిన్న శబ్దాలు వినండి. టక్. టక్. రెండింటి మధ్య అర సెకను విరామం ఉంది, అంతకు మించి వాటిలో ఏ తేడా లేదు. అయినా మీ తలపై ఎలక్ట్రోడ్లు అమర్చి ఈఈజీ (మెదడులోని విద్యుత్ చర్యను నమోదు చేసే పరీక్ష) తీస్తే, మొదటి శబ్దం తరువాత సుమారు 50 మిల్లీసెకన్లకు ఒక చిన్న విద్యుత్ తరంగం లేస్తుంది; రెండో శబ్దానికి అదే తరంగం చాలావరకు అణిగిపోయి కనిపిస్తుంది. ఈ తరంగాన్ని పీ50 అంటారు; ఒకసారి విన్న శబ్దాన్నే మళ్ళీ విన్నప్పుడు మెదడు దానిని ఇలా అణచివేయడం ఒక రకమైన వడపోత. దాని ఎత్తు కొద్ది మైక్రోవోల్టులే కనుక ఒక్క జతతో అది బయటపడదు, ఇటువంటి జతలను పదేపదే వినిపించి అన్నింటికీ సగటు తీయాలి.

రెండో తరంగాన్ని మొదటి తరంగంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి, వడపోత ఎంత బలంగా ఉందో చెబుతుంది. స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధి ఉన్నవారిలో రెండో తరంగం తగినంత అణగడం లేదని 1980లలో గమనించినప్పటి నుంచి ఈ పరీక్షకు పేరొచ్చింది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లో కూడా, అంత తీవ్రంగా కాకపోయినా, ఇదే ధోరణి అనేక అధ్యయనాల్లో కనిపించింది. అయితే అన్ని ప్రయోగశాలల ఫలితాలూ ఒకేలా లేవు. పైగా ఒకే మనిషిని వేర్వేరు రోజుల్లో పరీక్షించినా నిష్పత్తి మారిపోతూ ఉంటుంది కాబట్టి, ఈ అంకెను చూపి ఫలానా వ్యక్తి మెదడు ముసలిదైపోయిందని తేల్చడం సరి కాదు.

మరి ఆ అణచివేత ఎందుకు సడలుతుంది? లోపలి చెవిలో శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే రోమకణాలు ఒకసారి నశిస్తే మనుషుల్లో మళ్ళీ పుట్టవు. వయసుతో పాటు, ముఖ్యంగా హెచ్చు పౌనఃపున్యాల (కీచు స్వరాల) వద్ద, మెదడుకు చేరే సంకేతం బలహీనపడుతుంది. ఆ లోటును పూడ్చుకోవడానికి చెవి నుంచి మెదడు దాకా సాగే శ్రవణ మార్గం తన సున్నితత్వాన్ని పెంచుకుంటుంది. అదే సమయంలో నాడీకణాలను నిలువరించే గాబా అనే రసాయనం ఈ మార్గంలో తగ్గుతుందని ముసలి ఎలుకలపై జరిగిన పరిశోధనలు చూపాయి. వినికిడి తగ్గిన మనిషి మెదడులో శబ్దానికి స్పందన పెరగడం వింతగా తోస్తుంది కానీ, వృద్ధుల ఈఈజీలో తొలి తరంగాలు తరచుగా యువకుల తరంగాల కంటే పెద్దవిగానే ఉంటాయి. "గట్టిగా మాట్లాడు, వినబడటం లేదు" అన్న పెద్దాయనే మరుక్షణం "ఎందుకలా అరుస్తావు" అని విసుక్కుంటే, దానిని చాదస్తం అనుకోవడం అన్యాయం.

నా దృష్టిలో ఇంతకంటే తక్కువ చర్చకు వచ్చిన సంగతి మరొకటి ఉంది. ఒకే స్వరం వరుసగా వినిపిస్తూ మధ్యలో వేరే స్వరం దూరితే, మనం వినాలని ప్రయత్నించకపోయినా మెదడు ఆ తేడాను పట్టుకుంటుంది; ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్ బృందం 1978లో వర్ణించిన ఈ స్పందన వయసుతో చిన్నదవుతుంది, శబ్దాల మధ్య విరామం కొన్ని సెకన్లకు పెరిగినప్పుడు మరీ తగ్గుతుంది. అంటే పాతదాన్ని పక్కన పెట్టడం, కొత్తదాన్ని గుర్తించడం రెండూ సడలుతున్నాయి. పాతది ఇదీ అని గుర్తుంచుకునే స్వల్పకాల జాడ త్వరగా చెరిగిపోతే, పునరావృతమైన శబ్దం కూడా మెదడుకు ఎంతో కొంత కొత్తగానే అందుతుంది.

ఈ ఇబ్బంది అందరికంటే ముందు తెలిసేది కొత్తగా వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి. ఎన్నో ఏళ్ళుగా వినపడని ఫ్యాను రొద, కాగితాల గరగర ఒక్కసారిగా మీదపడతాయి. అలవాటు పడటానికి వారాలు పట్టవచ్చు. నేటి యంత్రాలు ఒకే తీరున సాగే రొదను గుర్తించి కొంత తగ్గించగలవు. పక్కవారి మాటల సందడి మాత్రం క్షణక్షణం మారుతూ, మనం వినదలచుకున్న మాటలాగే ఉంటుంది కాబట్టి దానిని విడదీసే పనిలో అధిక భాగం ఇప్పటికీ ఆ మెదడు మీదే పడుతోంది.