చదువు ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ప్రొఫెషనల్ ఇయర్‌కి మాత్రం మనిషి కావాలి: ఆస్ట్రేలియాలో ఫైనాన్షియల్ ప్లానింగ్ చదవాలనుకునే తెలుగువాళ్ళతో

అందరికీ నమస్కారం. పిల్లల్ని ఒకరిని క్రికెట్ కోచింగ్‌కీ ఇంకొకరిని కూచిపూడి క్లాసుకీ దింపేసి ఇక్కడికి వచ్చి కూర్చున్నారు కాబట్టి సూటిగా విషయంలోకి వెళ్ళిపోతాను. నన్ను మాట్లాడమన్నది గ్రాడ్యుయేట్ డిప్లొమా ఆఫ్ ఫైనాన్షియల్ ప్లానింగ్ గురించి, అంటే ఇక్కడ ఆస్ట్రేలియాలో ఫైనాన్షియల్ అడ్వైజర్ అవ్వాలంటే చాలామంది ఆన్‌లైన్‌లో చేసే పీజీ చదువు. మన మెల్‌బోర్న్ వెస్ట్‌లోనే, టార్నీట్, పాయింట్ కుక్ వైపు, ఈ కోర్సు చేద్దామా అని నన్ను అడిగినవాళ్ళు బాగానే ఉన్నారు, ఎక్కువమంది ఇండియాలో బీకామో ఎంబీఏ ఫైనాన్సో చేసి ఇక్కడికి డిపెండెంట్ వీసా మీద వచ్చి, పిల్లలు స్కూల్‌కి వెళ్ళడం మొదలుపెట్టాక ఇప్పుడేం చేద్దాం అని ఆలోచిస్తున్న అక్కచెల్లెళ్ళు.

వాళ్ళందరికీ నేను ముందు చెప్పే మాట ఒకటే, కోర్సులో చేరేముందే మీ ప్రొఫెషనల్ ఇయర్, అంటే సూపర్‌విజన్ కింద పనిచెయ్యాల్సిన ఆ ఏడాది, ఎక్కడ చేస్తారో వెతకడం మొదలుపెట్టండి. ఎందుకో తర్వాత వివరంగా చెప్తాను, ముందు అసలు ఈ చదువు ఎందుకు తప్పనిసరి అయ్యిందో కొంచెం చూద్దాం.

2019కి ముందు ఇక్కడ అడ్వైజర్ అవ్వడం పెద్ద కష్టం కాదు, చిన్న డిప్లొమా స్థాయి ట్రైనింగ్ చేస్తే సరిపోయేది. 2017లో పార్లమెంట్ చట్టం మార్చింది, 2019 జనవరి 1 నుంచి కొత్తగా వచ్చేవాళ్ళకి ఆమోదించిన డిగ్రీ ఉండాలి, పరీక్ష పాసవ్వాలి, ఒక సంవత్సరం సూపర్‌విజన్ కింద పనిచెయ్యాలి. ఈ మధ్యలోనే బ్యాంకులూ ఫైనాన్షియల్ సంస్థల మీద రాయల్ కమిషన్ విచారణ కూడా నడిచింది, హేన్ గారి కమిషన్, 2019 ఫిబ్రవరిలో ఫైనల్ రిపోర్టు వచ్చింది, గుర్తుండే ఉంటుంది. ఏ సర్వీసూ ఇవ్వకుండానే ఏళ్ళ తరబడి ఫీజు తీసుకోవడం, ఆఖరికి చనిపోయినవాళ్ళ అకౌంట్లలోంచి కూడా అడ్వైజ్ ఫీజు లాగెయ్యడం, ఇవన్నీ ఆ విచారణలోనే బయటికొచ్చాయి. నాకైతే ఆ విచారణ చూశాకే ఈ చదువు ఎందుకు పెట్టారో మనసుకి పట్టింది, ఇది ఉద్యోగానికి ఇంకో సర్టిఫికెట్ కాదు, జనం నమ్మకం పోయాక దాన్ని తిరిగి కట్టుకునే పని. 2018 చివర్లో దేశం మొత్తం మీద దాదాపు 28 వేల మంది అడ్వైజర్లు ఉండేవాళ్ళు, ఇప్పుడు 15, 16 వేల మధ్య ఉన్నారు. అంటే అవసరం ఎక్కువ, మనుషులు తక్కువ. 2021 సెన్సస్ ప్రకారం ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు 60 వేలు, ఇంతమందికి సూపర్ గురించీ, అంటే ఇక్కడి రిటైర్మెంట్ నిధి గురించీ, ఇన్సూరెన్స్ గురించీ మన భాషలో కూర్చోబెట్టి చెప్పగలిగే లైసెన్స్ ఉన్న అడ్వైజర్ ఎంతమందికి తెలుసో మీరే ఆలోచించండి.

ఇక కోర్సు సంగతి. మామూలుగా ఎనిమిది యూనిట్లు, పార్ట్‌టైమ్‌లో టర్ముకి ఒకటో రెండో తీస్కుంటే రెండేళ్ళు అటూఇటూ పడుతుంది. యూనిట్‌కి వారానికి కనీసం పది గంటలు పక్కన పెట్టుకోవాలి, జాబ్ చేస్తూ రెండు యూనిట్లు తీస్కుంటే శని ఆదివారాలు మర్చిపోవాల్సిందే. డబ్బు విషయంలో రెండు మూడు సంగతులు ముందే తెల్సుకోండి. ఫీ-హెల్ప్ అని ఫీజు కోసం ప్రభుత్వం ఇచ్చే లోన్ సిటిజన్స్‌కి వస్తుంది, పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) మీద ఉన్నవాళ్ళకి మామూలుగా రాదు, యూనిట్ యూనిట్‌కీ చేతిలోంచి కట్టుకోవాలి, అందుకని సిటిజన్‌షిప్‌కి ఇంకో ఏడాదే ఉంటే ఆగడం మంచిదా అని కూడా లెక్కేస్కోండి. స్టూడెంట్ వీసా మీద ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు పూర్తిగా ఆన్‌లైన్ కోర్సు చెయ్యలేరు, మీ కోర్సులో మూడో వంతుకి మించి ఆన్‌లైన్ ఉండకూడదని రూల్, ఏజెంట్ ఏం చెప్పినా సరే. ఇంకోటి, ఐటీలో పనిచేస్తూ ఈ ఫీల్డ్‌లోకి మారదామని చదివితే ఆ ఫీజు ట్యాక్స్‌లో సెల్ఫ్ ఎడ్యుకేషన్ కింద చూపించుకోడానికి కుదరదు, ఇప్పుడు చేస్తున్న పనికి సంబంధం ఉంటేనే కుదురుతుంది. ఆల్రెడీ అడ్వైజర్ ఆఫీసులో అడ్మిన్‌గానో పారాప్లానర్‌గానో (అడ్వైజర్ కోసం సలహా పత్రాలు తయారుచేసేవాళ్ళు) ఉన్నవాళ్ళకి ఆ లాభం ఉంటుంది.

చదువు ఎలా ఉంటుంది అంటే, చాలామంది లెక్కలు అనుకుంటారు. మనకి లెక్కల భయం లేదు కదా, అందుకని ఈజీ అనుకుంటారు. లెక్కలు చాలా తక్కువండి. ఎక్కువ భాగం చట్టం చదవడం, రాయడం. కార్పొరేషన్స్ యాక్ట్‌లో సెక్షన్ 961బి అని ఒకటుంది, క్లయింట్ బాగు కోసమే పనిచెయ్యాలి అనే డ్యూటీ, దాన్ని మీరు ఒక కేస్ స్టడీకి అప్లై చేసి, ఈ క్లయింట్‌కి ఈ సలహా ఎందుకిచ్చాను, ఇంకే దారులు చూశాను, అవి ఎందుకు వద్దనుకున్నాను అని వాక్యం వాక్యం కారణంతో రాయాలి. మనం ఇండియాలో చదివిన పద్ధతిలో పాయింట్లు బట్టీపట్టి రాస్తే మార్కులు రావు. ఒక అసైన్‌మెంట్ సంగతి చెప్తాను, దాంతో మీకు ఈ చదువు రుచి తెలుస్తుంది.

నలభై దాటిన భర్త, ముప్ఫై చిల్లర వయసు భార్య, ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్ ఉంది, సూపర్ ఉంది, సూపర్‌లోనే లైఫ్ ఇన్సూరెన్స్ ఉంది. ఇలాంటి కుటుంబానికి స్టేట్‌మెంట్ ఆఫ్ అడ్వైస్, అంటే క్లయింట్‌కి రాతపూర్వకంగా ఇచ్చే సలహా పత్రం, రాయాలి. చదువుతూ పోతే ఒక మూల చిన్న లైన్, భర్త సూపర్ నామినేషన్ వాళ్ళ నాన్న పేరు మీద ఉంది అని. నాకు వెంటనే మనవాళ్ళు గుర్తొచ్చారు, ఎందుకంటే పెళ్ళికి ముందు ఇక్కడ ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఫారం నింపేటప్పుడు అమ్మ పేరో నాన్న పేరో రాసేస్తాడు, ఊళ్ళో ఎల్ఐసీ పాలసీకి రాసినట్టే. ఇక్కడ చట్టం వేరు. సూపర్ డబ్బు మీ వీలునామా కిందికి దానంతటదే రాదు, ఫండ్ ట్రస్టీ ఇస్తాడు, బైండింగ్ నామినేషన్, అంటే ట్రస్టీ కట్టుబడి తీరాల్సిన నామినేషన్, చెల్లాలంటే ఆ మనిషి మీ భార్యో భర్తో పిల్లలో అయ్యుండాలి, లేదా మీ మీద ఆర్థికంగా ఆధారపడ్డవాళ్ళో, చట్టం చెప్పే పరస్పర ఆధార బంధంలో ఉన్నవాళ్ళో అయ్యుండాలి. గుంటూరులో సొంత పెన్షన్ మీద హాయిగా బతుకుతున్న నాన్న ఆ లెక్కలోకి రాడు, ఆ నామినేషన్ చెల్లదు. తల్లిదండ్రులకే ఇవ్వాలనుకుంటే ఎస్టేట్‌కి నామినేట్ చేసి వీలునామాలో రాస్కోవాలి, అప్పుడు కూడా డిపెండెంట్ కానివాళ్ళకి వెళ్ళే భాగం మీద పన్ను పడొచ్చు. పైగా చాలా ఫండ్లలో బైండింగ్ నామినేషన్ మూడేళ్ళకి ఎక్స్‌పైర్ అయిపోతుంది. ఒక్క లైన్ వెనకాల ఇంత ఉంది చూడండి. ఈ హాల్లో ఉన్నవాళ్ళు ఇవాళ ఇంటికెళ్ళి మీ సూపర్ యాప్ ఓపెన్ చేసి నామినేషన్ ఎవరి పేరు మీద ఉందో చూస్కోండి, ఈ కోర్సులో చేరినా చేరకపోయినా సరే.

ఇలాంటిదే ఇంకోటి, ఇది మన ఇళ్ళకి ఇంకా దగ్గర. టెంపరరీ వీసా మీద ఉన్నంతకాలం ఇండియాలో వచ్చే వడ్డీ, అద్దె లాంటి వాటి మీద ఇక్కడ మామూలుగా పన్ను ఉండదు. పీఆర్ వచ్చిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాలి. ఎన్ఆర్ఈ అకౌంట్ వడ్డీ ఇండియాలో ట్యాక్స్‌ఫ్రీ కాబట్టి ఇక్కడ కూడా అంతే అని చాలామంది నమ్మకంగా ఉంటారు, కాదండి, ఇక్కడ చూపించాల్సిందే. ఇక షాద్‌నగర్‌లో పదేళ్ళ కింద కొన్న ప్లాట్ ఉందనుకోండి, పీఆర్ వచ్చిన తర్వాత అమ్మితే ఇక్కడ క్యాపిటల్ గెయిన్స్ లెక్కలో మీరు కొన్న ధర కాదు, టెంపరరీ రెసిడెంట్ హోదా పోయిన రోజున దాని మార్కెట్ విలువ ఎంతో అదే మీ కొన్న ధరగా తీస్కుంటారు. అంటే ఆ తేదీ నాటి వాల్యుయేషన్ కాగితం చేతిలో ఉండాలి, ఏళ్ళ తర్వాత అమ్మేటప్పుడు వెతికితే దొరకడం కష్టం. ట్యాక్స్ లెక్క కట్టేది అకౌంటెంటే, కానీ ఆ కాగితం ఇప్పుడే తీస్కోండి అని ఆ కుటుంబానికి ముందుగా గుర్తుచెయ్యగలిగేది వాళ్ళ మొత్తం పరిస్థితి తెలిసిన అడ్వైజర్. కోర్సు మెటీరియల్‌లో షాద్‌నగర్ ఉండదు, టెంపరరీ రెసిడెంట్ రూల్ ఉంటుంది, ఆ రెండిటినీ కలపగలిగేది మీరే, మీలాంటివాళ్ళు ఈ ఫీల్డ్‌లోకి రావాలని నేను ఇంతగా కోరుకునేది అందుకే.

ఎథిక్స్ యూనిట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే దాన్ని జనం లాస్ట్‌కి వదిలేస్తారు. అడ్వైజర్లకి చట్టబద్ధమైన కోడ్ ఆఫ్ ఎథిక్స్ ఉంది, పన్నెండు స్టాండర్డ్స్. మూడోది చాలా గట్టిది, మీ ప్రయోజనానికీ క్లయింట్ ప్రయోజనానికీ ఘర్షణ ఉంటే అసలు సలహా ఇవ్వకూడదు, రిఫర్ కూడా చెయ్యకూడదు. మన కమ్యూనిటీలో పరిచయాల మీదే అన్నీ నడుస్తాయి, ఫలానా అన్నయ్య ప్రాపర్టీ వెంచర్ చేస్తున్నాడు, ఫలానా బావగారు మార్ట్‌గేజ్ బ్రోకర్, ఒకరికొకరు క్లయింట్లని పంపుకుంటారు, మధ్యలో కమిషన్ ఉంటుంది. మీరు అడ్వైజర్ అయితే పండక్కి కలిసినప్పుడు ఎవరో వచ్చి, నీకు తెలిసినవాళ్ళని మా స్కీమ్‌కి పంపు, నీకూ ఇస్తాం అంటారు. ఆ రోజు మొహమాటం పడకుండా కుదరదండీ అని చెప్పగలగాలి, ఆ చెప్పగలగడం కోసమే ఆ యూనిట్ అన్ని వారాలు చదివిస్తారు. ఐదో స్టాండర్డ్ నాకు చాలా ఇష్టం, మీ సలహా, దాని లాభాలు, ఖర్చులు, రిస్కులు క్లయింట్‌కి అర్థమయ్యాయని మీకు నమ్మకం కలగాలి. సంతకం పెట్టించుకుంటే సరిపోదు. ఇంగ్లిష్‌లో ఎస్ ఎస్ అని తలూపే ఒక పెద్దాయనకి తెలుగులో మళ్ళీ మొదట్నుంచి చెప్పి, ఇప్పుడు మీరు నాకు చెప్పండి బాబాయ్, ఏం అర్థమయ్యింది అని అడగ్గలిగిన అడ్వైజర్ ఆ స్టాండర్డ్‌ని నిజంగా పాటిస్తున్నట్టు.

ఇప్పుడు ముందు చెప్పిన ప్రొఫెషనల్ ఇయర్ దగ్గరికొద్దాం. డిప్లొమా చేతికొచ్చినంత మాత్రాన సలహా ఇవ్వలేరు. 1600 గంటలు పనిచెయ్యాలి, అందులో 100 గంటలు స్ట్రక్చర్డ్ ట్రైనింగ్. నాలుగు క్వార్టర్లు. మొదట్లో చూస్తూ నేర్చుకోవడం, తర్వాత సూపర్‌వైజర్ పక్కన కూర్చుని క్లయింట్ మీటింగులు, మూడో క్వార్టర్‌కి వెళ్ళేలోపు ఆసిక్ (ఈ రంగాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) పెట్టే నేషనల్ పరీక్ష పాసై ఉండాలి, అప్పట్నుంచి ప్రొవిజనల్ హోదాలో సలహా ఇవ్వొచ్చు కానీ ప్రతి స్టేట్‌మెంట్ ఆఫ్ అడ్వైస్‌నీ సూపర్‌వైజర్ చూసి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ సూపర్‌వైజర్‌కి కనీసం రెండేళ్ళ అడ్వైజర్ అనుభవం ఉండాలి. మీరిచ్చే సలహాకి ఆయన కూడా బాధ్యుడు, అందుకనే చిన్న ఆఫీసులు కొత్తవాళ్ళని తీస్కోడానికి వెనకాడతాయి, ఏడాది పాటు జీతం ఇస్తూ తన పని పక్కనపెట్టి మీ పని చూడాలి కదా. యూనివర్సిటీ మీకు సీటు ఇస్తుంది, లాగిన్ ఇస్తుంది, రికార్డెడ్ లెక్చర్లు ఇస్తుంది, సూపర్‌వైజర్ని ఇవ్వదు. ఆన్‌లైన్ చదువులో ఉన్న పెద్ద లోటు ఇదే, క్యాంపస్‌లో అయితే పక్కన కూర్చున్నవాడు ఏదో ఆఫీసులో పనిచేస్తుంటాడు, వాడి ద్వారా ఒక దారి దొరుకుతుంది, ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు ఆ పరిచయాలు వాటంతటవి రావు.

అందుకని నా సలహా ఏంటంటే మొదటి యూనిట్ చేస్తున్నప్పుడే అడ్వైజర్ ఆఫీసులో క్లయింట్ సర్వీస్ పనో, అడ్మిన్ పనో పట్టుకోండి, వారానికి రెండు రోజులైనా సరే, జీతం తక్కువైనా సరే. క్లయింట్ వివరాలు రాసుకునే ఫ్యాక్ట్ ఫైండ్ ఫారాలు నింపడం, ఫండ్లకి ఫోన్ చేసి హోల్డ్‌లో కూర్చోవడం, ఇవన్నీ చిన్న పనులే కానీ అక్కడే మీరేంటో వాళ్ళకి తెలుస్తుంది, రెండేళ్ళ తర్వాత ప్రొఫెషనల్ ఇయర్ అడిగితే కాదనడం వాళ్ళకే కష్టం. పిల్లలతో ఉన్న అక్కచెల్లెళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, స్కూల్ టైమ్‌లో చేసుకునే పార్ట్‌టైమ్ పని ఈ ఫీల్డ్‌లో దొరికే అవకాశం ఉంది.

చేరేముందు రెండు చెక్ చేస్కోండి. మీరనుకున్న కోర్సు ఆమోదించిన డిగ్రీల లిస్టులో ఉందా లేదా, కోర్సు పేరే కాదు, ఏ సంవత్సరం, ఏ యూనిట్లు అనేది కూడా. ట్యాక్స్ సలహా కూడా ఇవ్వాలంటే కమర్షియల్ లా, ట్యాక్సేషన్ లా యూనిట్లు కావాలి, అవి మీ ఎనిమిదిలో ఉన్నాయా అని అడగండి. రెండోది, ఈ చదువు రూల్స్‌ని మార్చాలని 2025లో ప్రభుత్వం ప్రకటించింది, ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా దానికి తోడు కొన్ని నిర్ణీత సబ్జెక్టులు చదివితే చాలు అనే దిశగా, కాబట్టి ఫీజు కట్టే వారంలోనే ట్రెజరీ, ఆసిక్ సైట్లలో అప్పటికి ఏ రూల్ నడుస్తోందో చూస్కోండి. ఇండియా డిగ్రీ ఉన్నవాళ్ళు దాన్ని ఇక్కడ అసెస్ చేయించుకుంటే ఎన్ని యూనిట్లు తగ్గుతాయో కూడా ముందే కనుక్కోండి, చేరాక కాదు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, ఎవరికైనా నామినేషన్ గురించి అందరి ముందూ అడగడం ఇబ్బందైతే టీ దగ్గర అడగండి, నేను ఇక్కడే ఉంటాను.