గైడ్ పడితే లాగేది ఎవరు?

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్నవాళ్లు అలిపిరి మెట్లు ఎన్నిసార్లు ఎక్కారో లెక్క కూడా పెట్టుకోరు. తుంబురు తీర్థం, తలకోన అడవి మీకు పెరటి దారులు. కొందరు ఉత్తరకాశీలోనో డార్జిలింగులోనో పర్వతారోహణ బేసిక్ కోర్సు చేశారు. ఆరువేల మీటర్ల శిఖరం ఎక్కివచ్చినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు గైడ్‌తో కలిసి, తాళ్లు పనిముట్లతో ఎక్కాల్సిన టెక్నికల్ గ్లేసియర్ క్లైంబ్‌కి వెళ్లాలని చూస్తున్నారు. చాలా సంతోషం. కానీ "గైడ్ ఉన్నాడు కదా, ఇంక టెన్షన్ ఏముంది" అనే మాట ఈమధ్య తరచుగా వింటున్నాను. విన్న ప్రతిసారీ నాకు భయం వేస్తోంది.

ఎందుకో చెప్తాను. గ్లేసియర్ అంటే కదిలే మంచు. గంగోత్రి గ్లేసియర్ దాదాపు 30 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. అడుగున ఉన్న మంచు పైనున్న బరువుకి సాగుతూ జారుతుంది. పై పొర పెళుసు. అందుకే కింద నేల వాలు మారినచోట, లోయ వంపు తిరిగినచోట అది పగులుతుంది. ఆ పగుళ్లే క్రెవాస్‌లు. గ్లేసియర్ దిగువ భాగంలో అవి నోరు తెరుచుకుని కనిపిస్తాయి కాబట్టి చుట్టూ తిరిగి పోవచ్చు. ప్రాణం తీసేది పైభాగం. అక్కడ కొత్త మంచు కురిసి పగులును కప్పేస్తుంది. తెల్లవారుజామున గట్టిగా ఉండి మనిషిని మోసిన ఆ మంచు వంతెనే, ఎండెక్కాక అదే మనిషిని మోయలేకపోవచ్చు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో బయలుదేరేది ఇందుకే.

ఇప్పుడు ఆలోచించండి. ఆ మంచు మీద మొదటి అడుగు వేసేది ఎవరు? గైడ్. అంటే అందరికంటే ముందు పడే అవకాశం ఉన్నది అతనికే. అప్పుడు పైన మిగిలేది మీరు.

నాకు ఇది గఢ్వాల్‌లో తెలిసింది. ఒకే తాడుకి ముగ్గురం. గైడ్ ముందు, నేను మధ్యలో, వెనక నా స్నేహితుడు. తాడు క్రాంపాన్లకు, అంటే బూట్ల కింది ఇనుప ముళ్లకు, తగులుకుంటోందని రెండు చుట్టలు చేతిలో పట్టుకుని నడుస్తున్నాను. చేయకూడదని కోర్సులో నేర్చుకున్న పనే అది. గైడ్ ఒక్కసారిగా కనిపించకుండా పోయాడు. తాడు బిగువుగా ఉండుంటే నడుము లోతున ఆగిపోయేవాడేమో. నా చేతిలోని చుట్టల వల్ల ఇంకా లోతుకి పడ్డాడు, ఆ వేగానికి నేనూ బోర్లాపడి ఈడ్చుకుపోయాను. చేతిలోని మంచు గొడ్డలి, ఐస్ యాక్స్, పట్టు దొరికింది, ఆగాను. తర్వాత నిశ్శబ్దం. క్రెవాస్ లోపలి నుంచి అరిచినా పైకి సరిగా వినపడదు.

చిత్తూరు పల్లెల్లో బావిలో పడ్డ దూడను పైకి తీయడం చూసినవాళ్లు ఇక్కడ ఉంటారు. తాడు బావి గట్టుకి ఒరుసుకుంటే పదిమంది పట్టినా కదలదు. గిలక ఉంటే నలుగురు చాలు. మంచులో ఇంకా కష్టం, ఎందుకంటే తాడు అంచులోకి కోసుకుని దిగిపోతుంది. కాబట్టి ముందు ఒకరు బరువు ఆపి పట్టుకోవాలి. రెండోవాడు మంచులో అడ్డంగా గాడి తవ్వి, స్నో పికెట్ అనే పొడవాటి లోహపు మేకు పాతి, తాడు బరువు మోసే ఆధారం, అంటే యాంకర్ వేయాలి. బరువు దానిమీదికి మార్చాలి. అంచున తాడు కింద రక్‌సాకో ఐస్ యాక్సో పెట్టాలి. అప్పుడు జెడ్ పుల్లీ, అంటే తాడుని Z ఆకారంలో మళ్లించి లాగే పద్ధతి. లెక్క ప్రకారం మూడో వంతు బలంతో లాగవచ్చు, కానీ గిలకలు లేకుండా కారబైనర్లతోనే (తాడు తగిలించే లోహపు కొక్కేలతోనే) చేస్తే రాపిడి చాలావరకు తినేస్తుంది. మా ఇద్దరికీ ఇదంతా తెలుసు. అయినా చలికి చేతులు మొద్దుబారి, యాంకర్ వేయడానికే నలభై నిమిషాలు పట్టింది. గైడ్ ప్రూసిక్ ముడులతో (బరువు పడితే తాడుని బిగించి పట్టే ముడులతో) తనే సగానికి పైగా ఎక్కివచ్చాడు. అతనికి స్పృహ తప్పి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

నిటారు మంచు గోడ మీద సంగతి వేరు. అక్కడ యాంకర్ లేకుండా ఒకే తాడుకి కట్టుకుంటే, ఒకరి జారుడు ముగ్గురినీ లాగేస్తుంది. అక్కడ మంచులోకి తిప్పి బిగించే ఐస్ స్క్రూలు కావాలి, ఒకరు కదిలితే ఒకరు తాడు పట్టి కాపలా ఉండాలి. కాబట్టి డబ్బు కట్టేముందు అడగండి: ఒక గైడ్‌కి ఎంతమంది? అలాంటి చోట ఇద్దరికి మించి వద్దు, మరీ కష్టమైన దారిలో ఒక్కరే. ఇంకో మాట, మెట్లెక్కే దమ్ము వేరు, ఎత్తుకి ఒళ్లు అలవాటు పడటం వేరు. తిరుమల వెయ్యి మీటర్ల లోపే. 5500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సగమే ఉంటుంది.

"ఇంత తెలిశాక గైడ్ ఎందుకు" అని ఒక తమ్ముడు అడిగాడు. మన పొరుగున నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని అత్యంత ఎత్తైన శిఖరాలు ఎక్కారు. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా శిఖరానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన్ని తలుచుకుంటే నా గొంతు పట్టేస్తుంది. అంతటి అనుభవం ఉన్నవారికైనా పక్కన ఇంకో జత కళ్లు అవసరమని నేను నమ్ముతాను. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్‌లో 16 మంది నేపాలీలు చనిపోయారు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపది కా డాండా శిఖరం మీద శిక్షణలో ఉన్న బృందాన్ని మంచు ముంచేసింది. వాళ్లెవరూ తాడు పట్టడం రానివాళ్లు కాదు. పైనుంచి విరిగిపడే మంచుకి ఏ ముడీ అడ్డం రాదు. అక్కడ గైడ్ చేయగలిగింది "ఈ రోజు వద్దు" అనడం. శిఖరం కనిపిస్తున్నా ఆ మాటకి తిరిగిపోండి, వాదించకండి. మనం డబ్బు ఇస్తున్నది ఎక్కువగా ఆ మాటకే.

తాళ్లు, నడుముకి కట్టుకునే హార్నెస్‌లు తెచ్చాను. ఈ హాలు వెనక వేపచెట్టు ఉంది, అదే మన యాంకర్. టీ తాగి అక్కడికి రండి. ముగ్గురు ముగ్గురుగా విడిపోదాం. ఒకరు గైడ్‌లా నేలమీద బరువుగా పడుకుంటారు, ఏమీ సాయం చేయరు. మిగతా ఇద్దరు, చేతులకి మందపాటి గ్లవ్స్ వేసుకుని, లాగాలి.