"నీ చేతులు ఒళ్లో పెట్టుకో"

అందరికీ నమస్కారం.

సిరప్ సీసా మూత తీసిన చప్పుడు వినగానే, మందు తాగమంటారని పిల్లలు పక్క గదిలోకి పరుగెత్తే ఇళ్ల నుంచే మీలో చాలామంది వచ్చారని నాకు తెలుసు. నేనూ అలాంటి ఇంటి మనిషినే. మా పాపకు నాలుగేళ్లప్పుడు చెవిపోటు వచ్చింది. డాక్టర్ యాంటీబయాటిక్ సిరప్ రాశారు. పూటకు 5 మిల్లీలీటర్లు, రోజుకు మూడు పూటలు, ఐదు రోజులు. అంటే మొత్తం 15 సార్లు. ఈ 15ను గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే ఒక్క పూట ఎలాగోలా గెలవడం మనందరికీ వచ్చు.

మేమూ అలాగే గెలిచాం. మొదటి పూట నేను తల పట్టుకున్నాను, మావారు చెంచాతో పోశారు. సగం గౌను మీద పడింది, కొంత దగ్గుతో బయటికొచ్చింది. రెండో పూట చెప్పకుండా పళ్లరసంలో కలిపి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, నా మొహంలోకి చూసి, గ్లాసు పక్కన పెట్టేసింది. లోపలికి ఎంత మందు వెళ్లిందో తెలియదు. ఆ తర్వాత చాలా రోజుల వరకు మామూలు రసం ఇచ్చినా ముందు వాసన చూసేది. ఆ వాసన చూడటం నన్ను ఎంత బాధపెట్టిందో చెప్పలేను. నేను పోగొట్టుకున్నది ఒక పూట మందు కాదు, పాప నమ్మకం.

సామ దాన భేద దండోపాయాలు అంటాం కదా. మందు దగ్గర సామాన్ని అర నిమిషంలో ముగించేస్తాం. "మా బంగారం కదూ, తాగేయమ్మా" అంటే సామం అయిపోయినట్టే. వెంటనే చాక్లెట్ చూపిస్తాం. తర్వాత "చూడు, అన్నయ్య ఎంత బుద్ధిగా తాగాడో" అని పోలిక పెడతాం. ఆఖరున "తాగకపోతే డాక్టర్‌తో సూది వేయిస్తా" అంటాం. ఈ చివరి మాట మాత్రం దయచేసి ఎవరూ అనకండి. రేపు నిజంగా ఇంజెక్షన్ అవసరమైతే, అది తనకు పడిన శిక్ష అనుకుంటారు పిల్లలు.

సామానికి ఇంకాస్త టైం ఇమ్మని అడగడానికే వచ్చాను. సామం అంటే బుజ్జగింపు ఒక్కటే కాదు. ఎదుటి మనిషికి ఏం కావాలో, దేనికి భయపడుతున్నారో కనుక్కోవడం. రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో చర్చల గురించి రాసిన పుస్తకంలో ముఖ్యమైన పాఠం కూడా ఇదే. పైకి అనే మాట వేరు, దాని వెనక ఉన్న అవసరం వేరు. "తాగను" అనేది పైమాట. దానితో ఎంతసేపు వాదించినా "తాగాలి", "తాగను" దగ్గరే తిరుగుతాం.

మూడో పూట నేను సీసా తీయలేదు. నేల మీద పాప పక్కన కూర్చుని, "మందులో నీకు ఏది అస్సలు నచ్చట్లేదు?" అని అడిగాను. చేదు అంటుందనుకున్నాను. చాలాసేపు తన కాలి వేళ్లతో ఆడుకుని, "నువ్వు తల పట్టుకుంటావు. నాకు ఊపిరి రాదు" అంది. చేదు గురించి ఒక్క మాట లేదు. నేను రుచికి మందు వెతుకుతున్నాను, తను నా చేతులకు భయపడుతోంది.

"సరే, తల పట్టుకోను. మరి మందు నోట్లోకి ఎలా వెళ్లాలి?" అన్నాను. అప్పుడు షరతులు తనే పెట్టింది. మందు పోసే సూది లేని సిరంజి తను పట్టుకుంటుంది. మూడుసార్లుగా నొక్కుతుంది, మధ్యలో నీళ్లు తాగుతుంది. చివరి షరతు విని ఒక్క క్షణం ఆగిపోయాను: "నీ చేతులు ఒళ్లో పెట్టుకో." పెట్టుకున్నాను. నాలుగో వంతు గడ్డం మీదకు కారుతుందేమోనని ఒకటే టెన్షన్. కానీ చేయి కదపలేదు. 5 మిల్లీలీటర్లూ లోపలికి వెళ్లాయి.

ఇక్కడ ఒక గీత స్పష్టంగా ఉండాలి. మందు వేసుకోవడం బేరానికి పెట్టకూడదు. ఎలా, ఎక్కడ, ఎవరి చేత్తో అన్నవి ఎంతైనా మాట్లాడుకోవచ్చు. అందుకే "మందు తాగుతావా?" అని అడగకండి. "వద్దు" అనగానే కాదనాల్సి వస్తుంది, అప్పుడు అడిగిన ప్రశ్నే అబద్ధమవుతుంది. "ఇది మందు వేళ. కుర్చీలో కూర్చుంటావా, నా పక్కనా?" అనండి. రెండు దారులు చాలు, ఐదు చెబితే అలసిన పిల్ల ఏడుస్తుంది.

చేదును కూడా కొట్టిపారేయకండి. ఒకే రకమైన రుచి జన్యువు ఉన్నా, కొన్ని చేదు పదార్థాలు పెద్దవాళ్లకంటే పిల్లలకు ఎక్కువ చేదనిపిస్తాయని పరిశోధనల్లో తేలింది. మనం నాలుకకు రాసుకుని "ఏం లేదు, తియ్యగానే ఉంది" అంటాం. వాళ్లకు అలా ఉండకపోవచ్చు. "అవును, చేదే. కాసేపే ఉంటుంది" అంటే, తన మాట నమ్మే మనిషి ఒకరు ఉన్నారని తెలుస్తుంది. చల్లటిది ఏదైనా ముందు చప్పరిస్తే నాలుక కాస్త మొద్దుబారుతుంది, అదీ సాయపడుతుంది.

బహుమతి తప్పని నేను అనను. ముందే చెప్పండి, చిన్నదిగా ఉంచండి, మొండికేసినప్పుడు మాత్రం పెంచకండి. ఒక్కసారి పెంచితే, మొండికేస్తే ధర పెరుగుతుందని వాళ్లకు అర్థమైపోతుంది. మందునే చాక్లెట్ అని చెప్పడం మరీ ప్రమాదం. మనం చూడని రోజున ఆ చాక్లెట్ సీసా వాళ్ల చేతికి దొరకవచ్చు.

జాగ్రత్తల మాట త్వరగా చెప్పేస్తాను. పిల్లలను కూర్చోబెట్టే మందు ఇవ్వండి. ముక్కు మూయకండి, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వంటింటి చెంచాలన్నీ ఒక్క కొలత కావు, సూది లేని సిరంజి వాడండి. గొంతులోకి కాకుండా బుగ్గ లోపలి వైపుకు కొంచెం కొంచెంగా వదలండి. దేంట్లోనైనా కలపాలన్నా, మాత్ర నలపాలన్నా ముందు డాక్టర్‌ను గానీ ఫార్మసిస్ట్‌ను గానీ అడగండి. కలిపితే కొద్దిగా కలపండి, పిల్లకు చెప్పి కలపండి. కక్కేస్తే మళ్లీ పోయాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవద్దు.

ఎంత మాట్లాడినా కుదరని మందు ఉంటుంది. అప్పుడు పోట్లాట పెంచకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఇదే మందు వేరే రుచిలో, వేరే రూపంలో, రోజుకు తక్కువసార్లు వేసేలా దొరుకుతుందా అని అడగండి. ఒక్క పూట కూడా ఆగకూడని మందులుంటాయి, అక్కడ చర్చకు టైం ఉండదు. అప్పుడు కూడా ఏం చేయబోతున్నామో ముందే నిజం చెప్పండి, సురక్షితంగా ఎలా వేయాలో డాక్టర్‌ను అడిగి నేర్చుకోండి, అయ్యాక దగ్గరికి తీసుకోండి. ఇంకా మాటలు రాని పసివాళ్లకు ఇవన్నీ పనిచేయవు. ఖాళీ సిరంజి చేతికిచ్చి కాసేపు ఆడుకోనిస్తే దాని భయం కొంత పోతుంది.

మా పాపకు ఆ తర్వాత మిగిలిన 12 పూటల్లో రెండు పూటలు గొడవైంది. మిగతావి మేం మాట్లాడుకున్నట్టే జరిగాయి. మొన్న మళ్లీ జ్వరం వచ్చింది. నేను సీసా ఇంకా కుదపనైనా లేదు, వచ్చి ఎదురుగా కూర్చుని, "అమ్మా, చేతులు" అంది. ఒళ్లో పెట్టుకున్నాను.

ఇక మీరు చెప్పండి. ఎన్నేళ్ల పిల్ల, ఏ మందు, సరిగ్గా ఎక్కడ ఆగిపోతోంది? అక్కడి నుంచి మాట్లాడుకుందాం.